రెండో ప్రశ్న

"ఆ పేపరు జీతం ఈ ఇంట్లో ఖర్చవుతున్నంత కాలం నేనిక్కడ ముద్ద ముట్టను," అంటూ చిన్నకోడలు పిల్ల యూనిఫారాలు కూడా తీసి సూట్‌కేసులో కుక్కింది.

గుమ్మంలో నిలబడ్డ కత్తెరమ్మకి లోపలికి వెళ్ళాలో వెనక్కి తిరగాలో తోచలేదు. మొన్నమొన్నటి దాకా ఆ గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్ళి, తోటికోడలి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఇప్పుడు గడప దాటడానికి అనుమతి కావాలనిపిస్తోంది.

"కాసేపు ఆగవే. ఎక్కడికని వెళ్తావు?"

"మా అమ్మగారింటికి. అక్కడైతే కనీసం పేపరు రాదు."

"ఆ వార్త నేను రాయలేదు. ఆ రోజు నాకు సెలవు. నీకూ తెలుసు."

"రాయకపోతేనేం, ఆపొచ్చుగా. ఊళ్ళోవాళ్ళ వార్తలన్నీ కత్తిరిస్తావు. మనింటి దాని దగ్గరికొచ్చేసరికి కత్తెర మొద్దుబారిందా అక్కా?"

కత్తెరమ్మ అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. విలేకరులు పంపిన వార్తల్లో 'దారుణం', 'సంచలనం', 'కలకలం' లాంటి మాటలు ఎక్కడ కనబడినా ఆమె కనికరం లేకుండా తీసిపారేస్తుంది. ఎవరు చెప్పారు, ఎవరు చూశారు అని మార్జిన్లో రాసి వెనక్కి పంపుతుంది. ఆ పేరు ఇంటిదాకా వచ్చి, ఇంట్లోనూ అందరి నోళ్ళలో సరదాగా నలిగింది. ఈ మధ్యనే అందులో సరదా పోయింది.

"బళ్ళో పిల్లలు ఏమంటున్నారో తెలుసా?" చిన్నకోడలు సూట్‌కేసు మూత మీద మోచేయి ఆనించి, మొదటిసారి ఆమెవైపు చూసింది. "మీ నాన్న తాగి లిఫ్టు పడేశాడంట కదా అని అడిగారంట. అది కాదందంట నా కూతురు. మరి మీ పెద్దమ్మ పనిచేసే పేపర్లోనే వేశారుగా, అబద్ధమైతే ఎందుకు వేస్తారు అన్నారంట. దానికేం జవాబు చెప్పమంటావు? నువ్వే చెప్పు."

కత్తెరమ్మ గడప మీద నుంచి కాలు వెనక్కి తీసింది.

వారం కిందట దగ్గర్లోని ఒక అపార్ట్‌మెంట్లో లిఫ్టు పై అంతస్తు నుంచి జారి నేలకి గుద్దుకుంది. కుట్టిన బట్టలు ఇవ్వడానికి వచ్చిన దర్జీ ఆవిడ నడుము విరిగింది. మర్నాడు పేపర్లో 'మత్తులో మెకానిక్... కూలిన లిఫ్టు' అని పెద్దక్షరాల్లో పడింది. పేరు వేయలేదు. వేయనక్కర్లేదు కూడా. ఆ చుట్టుపక్కల లిఫ్టులన్నీ చూసేది కత్తెరమ్మ మరిది ఒక్కడే. వార్త వచ్చిన దగ్గర్నుంచి ఒక్కో అపార్ట్‌మెంటూ ఫోను చేసి, ఇక రావద్దని చెప్పేసింది. పోలీసులు పిలిచి పంపారు, మళ్ళీ పిలుస్తామన్నారు.

హాల్లో అత్తగారు టీవీ ముందు కూర్చుని ఉంది. టీవీ ఆపేసి ఉంది. వార్త వచ్చినప్పటి నుంచి ఆవిడ పెద్దకోడలితో నేరుగా మాట్లాడటం మానేసి, గోడకో కిటికీకో చెబుతోంది.

"సవరణ అని ఒకటి వేస్తారంట పేపర్లలో," అంది కిటికీతో. "తప్పు రాస్తే తప్పయిందని వేస్తారంట. నా కొడుకు తాగలేదని ఆ పేపరే చెప్పాలి. అది వేయించలేని ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత."

"అడుగుతానత్తయ్యా. ఇవాళే సంపాదకుడిగారిని అడుగుతాను."

లోపలి గదిలో సూట్‌కేసు జిప్పు చప్పుడు సగంలో ఆగింది.

"సాయంత్రం దాకా చూస్తాను," అని వినబడింది.

కత్తెరమ్మ భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. ఆయనకి బజారులో కరెంటు సామాన్ల కొట్టుంది. మామూలుగా కొట్టుకి వెళ్ళేముందు ఇంట్లో తనతో ఓ పది మాటలైనా మాట్లాడి గానీ చెప్పులు వేసుకోని మనిషి. ఇప్పుడు అదీ పోయింది.

"మీరైనా ఒక మాట అనండి," అంది కత్తెరమ్మ, గొంతు తగ్గించి.

"ఏమనమంటావు?"

"నన్నే తిట్టండి. ఈ మౌనం నావల్ల కావట్లేదు."

ఆయన ఏదో అనబోయి, తాళంచెవులు వెతుక్కున్నాడు. అవి చేతిలోనే ఉన్నాయి. వెళ్ళిపోయాడు. ఈయనకి కూడా నామీద కోపమే, అనుకుంది ఆమె. ఆయన తాగిన కాఫీ గ్లాసు తీసుకెళ్ళి సింకులో పెట్టింది. సగం అలాగే ఉంది.

* * *

మరిది డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన పాత మోటారు విప్పుకుని కూర్చున్నాడు. అది పనిచేస్తున్న మోటారే. పని లేక చేతులు ఊరుకోక విప్పాడు.

"కాస్త జరుగు," అని కత్తెరమ్మ పక్కనే పిట్టగోడ మీద కూర్చుంది. ఇంట్లో తనతో మామూలుగా మాట్లాడుతున్నది ఇతనొక్కడే. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది.

"మా ఆవిడ మాటలు పట్టించుకోకండి వదినా. కోపం దిగితే అదే మీ దగ్గరికి వస్తుంది."

"సవరణ అడగడానికి వెళ్తున్నాను. వెళ్ళేముందు నిన్ను అడగాలి. ఒక్కసారైనా నిన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు." ఆమె అతని మొహంలోకి చూసింది. "తాగావా?"

అతనికి కోపం రాలేదు. ఎవరో ఒకరు అడిగినందుకు తేలికపడ్డట్టు కనిపించాడు.

"లేదు వదినా. పోలీసులు రక్తం తీయించారు. ఏమీ లేదని వచ్చింది. స్టేషన్లో కనుక్కోమనండి, చెబుతారు."

"మరి లిఫ్టు ఎందుకు పడింది?"

స్పానరు అతని చేతిలో తిరగడం మానేసింది.

ఆమెకి వృత్తిలో అలవాటైన పద్ధతి ఒకటుంది. అడిగాక నోరు మూసుకుని కూర్చుంటుంది. ఎదుటివాళ్ళు ఆ ఖాళీని భరించలేక ఏదో ఒకటి పోస్తారు. ఇన్నేళ్ళలో ఎందరి దగ్గరో అలా కూర్చుంది. ఈ పిల్లాడి దగ్గర, తన పెళ్ళినాటికి ఇంకా నిక్కరు తొడుక్కుని తిరిగిన మరిది దగ్గర అలా కూర్చోవలసి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"బ్రేకు అరిగిపోయింది," అన్నాడు చివరికి. "ముందే చూశాను. అపార్ట్‌మెంటు సెక్రటరీకి చెప్పాను. కొత్తది వేయాలంటే అందరి దగ్గరా వసూలు చేయాలి, ఇప్పుడు కాదు, పండక్కి చుట్టాలొస్తారు, నడవనీ అన్నాడు."

"నువ్వేం చేయాలి అప్పుడు?"

"మెయిన్ స్విచ్చి ఆపేసి, పనిచేయదని బోర్డు పెట్టాలి. ఎవరేమన్నా సరే."

"పెట్టావా?"

"పెట్టాను. పైన ఉండేవాళ్ళు గొడవ చేశారు. మళ్ళీ తీసేశాను." అతను మోటారులోకి చూస్తూనే అన్నాడు. "నా చేత్తోనే స్విచ్చి వేశాను వదినా."



"ఎవరినైనా అడిగావా, తీసేముందు?"

"ఎవరినడుగుతాను," అన్నాడు, చాలా తొందరగా.

ఆమె లేచింది. అతనూ లేచాడు.

"వదినా. నేను తాగలేదన్నది నిజమే కదా. ఆ ఒక్క నిజం వేయించండి చాలు. మిగతాది ఎవరూ అడగలేదుగా."

* * *

ఆఫీసులో, వార్తలు దిద్దే డెస్కు దగ్గరికి ఆమె రాగానే మాటలు ఆగిపోయాయి. మాటలు ఆగాక మొదలయ్యే కీబోర్డు చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. అది పనిచేస్తున్న చప్పుడు కాదు.

సంపాదకుడు తలెత్తకుండానే కుర్చీ చూపించాడు. ఎదుటి కుర్చీలో వార్త రాసిన విలేకరి అప్పటికే ఉన్నాడు. అందరికన్నా ముందు పంపడమే అతని వ్రతం. డెస్కులో అతన్ని తొందరబాబు అంటారు. మనిషి చెడ్డవాడు కాదు. ఒక్కచోట నిలబడలేడు, అంతే.

"మెకానిక్ మా మరిది అని నేను ముందే చెప్పాను సార్," అంది కత్తెరమ్మ. "కాబట్టి ఈ వార్తని నేను ముట్టుకోను. సవరణ వేయమని పాఠకురాలిగా అడుగుతున్నాను."

"స్టేషన్లో కనుక్కున్నాం," అన్నాడు సంపాదకుడు. "రక్తంలో ఏమీ లేదు. తాగలేదు. తప్పు మనదే." ఆయన కళ్ళజోడు తీసి తొందరబాబు వైపు తిరిగాడు. "ఎవరు చెప్పారు నీకు తాగాడని?"

"అపార్ట్‌మెంటు సెక్రటరీ సార్. ఫోన్లో."

"చూశాడా ఆయన?"

"అలాగే మాట్లాడాడు. అప్పటికే టీవీలో స్క్రోలింగు వస్తోంది సార్. 'అని సెక్రటరీ ఆరోపించారు' అని రాశాను. హెడ్డింగులో పట్టలేదు. పేజీ ప్రింటుకి వెళ్ళే టైముకి, చోటు చాలక ఆ మాట వార్త లోపల కూడా ఎగిరిపోయింది."

"మెకానిక్‌ని అడిగారా?" అంది కత్తెరమ్మ.

"నంబరు దొరకలేదు మేడమ్."

"లిఫ్టు లోపల గోడమీద అతికించి ఉంటుంది. ఏ లిఫ్టులోనైనా ఉంటుంది."

తొందరబాబు కిందికి చూశాడు. సంపాదకుడు కాగితం లాక్కుని తనే రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే పైకి చదివాడు. "లిఫ్టు ప్రమాదం వార్తలో మెకానిక్ మద్యం సేవించినట్టు ప్రచురితమైంది. అది సరికాదని వైద్య పరీక్షలో తేలింది. పొరపాటుకు చింతిస్తున్నాం." కలం మూత పెట్టాడు. "లోపలి పేజీలో వేద్దాం. మీ ఇంట్లోవాళ్ళకి ఇది చాలుగా?"

చాలు. ఇంట్లో అడిగింది సరిగ్గా అదే. ఆమె తలూపితే సాయంత్రానికి సూట్‌కేసు మంచం కిందికి వెళ్తుంది. అత్తగారు కిటికీని వదిలి తనతో మాట్లాడుతుంది. పిల్ల బళ్ళో పేపరు తీసుకెళ్ళి చూపిస్తుంది.

ఆమె తలూపలేదు.

"అందులో తప్పేమైనా ఉందా?" అన్నాడు సంపాదకుడు.

"తప్పు లేదు సార్. ప్రతి అక్షరమూ నిజమే." ఆమె గొంతు తనకే కొత్తగా వినబడింది. "చదివినవాళ్ళకి మాత్రం మెకానిక్ తప్పేమీ లేదన్నట్టు ఉంటుంది. సెక్రటరీ తప్పు కూడా లేదన్నట్టు ఉంటుంది. లిఫ్టు దానంతటదే పడిందనుకుంటారు."

"ఎందుకు పడిందో మీకు తెలుసా?"



"నన్ను అడక్కండి సార్. ఇంట్లో విన్నది ఇక్కడికి మోసుకొచ్చే మనిషిని కాను. కానీ మీరెవరూ వెళ్ళి అడగకుండా సవరణ వేస్తే, మొదటిసారి చేసిన తప్పే రెండోసారి చేసినట్టు." ఆమె తొందరబాబు వైపు తిరిగింది. "వెళ్ళి ఆయన్ని అడగండి. తాగారా అని మొదటి ప్రశ్న. అది ఆ రోజే అడగాల్సింది. లిఫ్టు బాగోలేదని ముందే తెలుసా, తెలిస్తే ఎందుకు నడవనిచ్చారని రెండో ప్రశ్న. అదే ప్రశ్న సెక్రటరీనీ అడగండి. ఇద్దరేం చెబితే అది రాయండి. ఒక్క ముక్క ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

సంపాదకుడు ఆమెని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"మీ ఇంటికి మీరే నిప్పు పెట్టుకుంటున్నారు. తెలిసే అంటున్నారా?"

"ఆ దర్జీ ఆవిడ కూడా మన పేపరే చదువుతుంది సార్. మంచం మీద నుంచి."

మధ్యాహ్నం క్యాంటీన్లో ఆమె బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. విలేకరిని సొంత మరిది మీదికి పంపిందన్న మాట ఆ పాటికి అంతస్తంతా తెలుసు. మెచ్చుకున్నవాళ్ళు కూడా దూరంగానే మెచ్చుకున్నారు. డబ్బా తెరిచింది. ఈపూట వంట అత్తగారిది. ఎంత కోపమున్నా, తనకి కారం పడదని కూర విడిగా కట్టింది. రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

* * *

తొందరబాబు ఇంటికి వచ్చేసరికి సాయంత్రపు ఎండ ఇంకా హాల్లో ఉంది. పేపరు నుంచి మనిషి వచ్చాడనగానే అత్తగారు లేచి ఫ్యాను స్పీడు పెంచింది. చిన్నకోడలు గబగబా కుర్చీ తుడిచి మంచినీళ్ళు తెచ్చింది. సూట్‌కేసు గది గుమ్మందాకా వచ్చి అక్కడే నిలబడి ఉంది.

"తప్పయిందండి," అన్నాడు తొందరబాబు, గ్లాసు పట్టుకుని. "రేపు సవరణ వస్తుంది. మీరు తాగలేదని వేస్తున్నాం."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత, ఇన్నాళ్ళ తర్వాత, కత్తెరమ్మ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు మంచిదానివే. నోరే పెద్దది," అంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కత్తెరమ్మ దాన్ని వదిలించుకోలేదు. ఎంతసేపు ఉంటుందో తెలుసు కాబట్టి గట్టిగా పట్టుకోనూ లేదు.

భర్త కొట్టు నుంచి అప్పుడే వచ్చాడు. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"వేసేముందు మీ నోటితో వినాలి," అన్నాడు తొందరబాబు మరిదితో. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "రికార్డు చేస్తున్నాను, అభ్యంతరం లేదుగా. ఆ రోజు మీరు తాగారా?"

"లేదు."

"సరే. ఇంకొకటి." అతను గొంతు సవరించుకున్నాడు. "బ్రేకు పాడైందని మీకు ముందే తెలుసని సెక్రటరీ ఇప్పుడే చెప్పాడు. తెలిస్తే లిఫ్టు ఎందుకు నడవనిచ్చారు?"

చిన్నకోడలు మొగుడి వైపు చూసి నవ్వబోయి, అతని మొహం చూసి ఆపుకుంది.

మరిది తొందరబాబు వైపు చూడలేదు. వదిన వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఇక్కడే ఉంటానని చెప్పిన మనిషి అక్కడ కనబడక వెతుక్కుంటున్న పిల్లవాడిలా ఉన్నాడు.

"ఈ ప్రశ్న మీరు పంపారా వదినా?"

అబద్ధం చెప్పడానికి అదొక్క క్షణం దొరికింది ఆమెకి. "ఆ," అంది.

అత్తగారు ఆమె చేతిని తన ఒళ్ళోంచి తీసి, జాగ్రత్తగా, ఎవరిదో వస్తువు తిరిగిచ్చినట్టు ఆమె ఒళ్ళోనే పెట్టేసింది.

"సవరణ వేయించమంటే," చిన్నకోడలి మాట సన్నగా వచ్చింది, "ఇదా నువ్వు చేసుకొచ్చింది?"

"అతన్ని చెప్పనీ," అంది కత్తెరమ్మ. "చెప్పకపోతే ఆ సెక్రటరీ చెప్పిందే మిగులుతుంది. అంతా నీ మొగుడి నెత్తినే పడుతుంది."

"నా మొగుడి గురించి నువ్వు మాట్లాడకు."

మరిది నోరు తెరిచాడు. "నేను స్విచ్చి..." అని, అక్కడ ఆగి, అన్నగారి వైపు చూశాడు. చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. "నాదే తప్పు. నేనే వేశాను. ఎవరూ చెప్పలేదు నాకు. అదే రాసుకోండి."

"అది రాసుకోకండి," అన్నాడు కత్తెరమ్మ భర్త.

ఆయన గొంతు ఆ ఇంట్లో వినబడి చాలా రోజులైంది. అందరూ అటు తిరిగారు. ఆయన గోడని వదిలి ముందుకొచ్చి, కూర్చోకుండా, ఫోను ఉన్న బల్ల ముందు నిలబడ్డాడు.

"బోర్డు పెట్టి వీడు నాకు ఫోను చేశాడు. ఆపేశానన్నయ్యా, గొడవ చేస్తున్నారు, ఏం చేయమంటావన్నాడు. ఆ సెక్రటరీ మా కొట్టుకి పాత ఖాతాదారు. ఆ లిఫ్టు పని వీడికి నేను అడిగి ఇప్పించిందే. ఆయనతో గొడవెందుకురా, కొన్నాళ్ళు నడవనీ అన్నాను. వీడు వద్దన్నాడు. నేను కసిరాను. అప్పుడు వేశాడు స్విచ్చి."

"అన్నయ్యా," అన్నాడు మరిది.

"నువ్వూరుకో."

కత్తెరమ్మకి పొద్దున్న ఆయన చేతిలోనే ఉన్న తాళంచెవుల కోసం వెతుక్కోవడం కళ్ళముందు మెదిలింది. తనమీద కోపమనుకుంది. ఇన్ని రాత్రులు పక్కనే పడుకుని, ఆ వీపు చూస్తూ, కోపమనే అనుకుంది. ఒక్కసారి కూడా అడగలేదు. ఊరందరినీ అడగమని చెప్పే మనిషి, తన మొగుణ్ణి ఏమైందని అడగలేదు.

ఆయన ఆమెవైపు చూడటం లేదు. ఫోనులో వెలుగుతున్న ఎర్రచుక్కనే చూస్తున్నాడు.

తొందరబాబు జీవితంలో మొదటిసారి తొందరపడలేదు. గ్లాసు కింద పెట్టి, ఒకసారి భర్తని, ఒకసారి మరిదిని చూసి, చివరికి ఆమె వైపు తిరిగాడు. అతని మొహంలో మొహమాటం ఉంది. అయినా అడిగాడు. అలా అడగాలని అతనికి పొద్దున నేర్పింది ఆమే.

"మేడమ్, మీరు నాతో రెండో ప్రశ్న చెప్పినప్పుడు, మీ మరిది అన్నగారికి ఫోను చేసిన సంగతి మీకు తెలుసా?"

"తెలీదు," అంది కత్తెరమ్మ.

అత్తగారు కిటికీ వైపు తిరిగిపోయింది. చిన్నకోడలు గుమ్మంలోని సూట్‌కేసు పిడి అందుకుంది. మరిది తల వంచుకున్నాడు. భర్త అప్పుడు, చాలా నెమ్మదిగా, కళ్ళెత్తి ఆమెని చూశాడు. అది నిజమేనా అని అడుగుతున్న చూపు అది.

"తెలీదు," అంది ఆమె మళ్ళీ, ఈసారి ఆయనకొక్కడికే.